రాజ్‌పుత్ అని రాసి ఉంది, కానీ ఏ రాజ్‌పుత్?

వానాకాలం
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా పెదనాన్న నేవీలో సెయిలర్‌గా చేశారు. మొన్న బీరువా సర్దుతుంటే ఆయన ఫొటో ఒకటి దొరికింది. నలుపు తెలుపు ఫొటో, అరచేయంత ఉంటుంది. తెల్ల యూనిఫారంలో నలుగురు కుర్రాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని నవ్వుతున్నారు. ఎడమ చివర పెదనాన్న. వెనక్కి తిప్పితే నీలం సిరాతో ఆయన చేతిరాత: "ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్, 1972".

ఫ్రేమ్ కట్టించి కింద ఓడ గురించి రెండు లైన్లు రాయిద్దామనుకున్నా. నెట్‌లో వెతికితే ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ మన నౌకాదళంలో చేరింది 1980 మే 4న అని ఉంది. సోవియట్ యూనియన్‌లో కట్టిన డిస్ట్రాయర్ అట. ఇంకా పుట్టని ఓడ మీద నిలబడి ఎనిమిదేళ్ల ముందే ఫొటో ఎలా దిగారు? ఏడాది తప్పు రాశారేమోనని అడిగితే "నా ఓడ నాకు తెలీదా" అని కసిరారు. ఇంకోమాట అడిగే ధైర్యం లేక ఇక్కడికొచ్చాను.

పాతపేపర్లు
పెదనాన్నగారు కరెక్టే, నెట్ కూడా కరెక్టే. రాజ్‌పుత్‌లు ఇద్దరు.

మొదటిది పెన్నెంట్ నంబర్ (ఓడకిచ్చే గుర్తింపు నంబర్) డి141. బ్రిటన్‌లో కట్టినది, అప్పుడు దాని పేరు హెచ్‌ఎంఎస్ రోదర్‌హామ్. 1949లో మనకొచ్చింది, 1976లో తీసేశారు. మీకు నెట్‌లో దొరికింది రెండోది, డి51. ఫొటోలో ఓడ పక్కన రాసిన నంబర్ కనపడితే ఒక్క క్షణంలో తేలిపోతుంది.

వానాకాలం
అమ్మయ్య! కానీ ఫొటో డెక్ మీద తీసింది, నంబర్ పడలేదు. ఒక లైఫ్‌బాయ్ వేలాడుతోంది, దాని మీద 'రాజ్‌పుత్' అని ఉంది. పేరు ఉండీ ఉపయోగం లేదన్నమాట :)

లంగరు
నేను నేవీలో పదిహేనేళ్లు చేసి రిటైరయ్యాను. ఫొటోలో కుర్రాళ్ల వెనక ఫిరంగి ఏమైనా కనపడుతోందా చూడండి. మొదటి రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆర్ క్లాస్ డిస్ట్రాయర్. దానికి 4.7 అంగుళాల ఫిరంగులు నాలుగు, ఒక్కో చోట ఒక్కోటి. ముందు వైపు రేకు కవచం ఉంటుంది, వెనక తెరిచే ఉంటుంది. గుండ్లు అందించేవాళ్లు ఎండలోనే నిలబడాలి. రెండో రాజ్‌పుత్‌కు ముందు భాగంలో జంట గొట్టాల 76 మిల్లీమీటర్ల టరెట్, పూర్తిగా మూసేసిన డబ్బా. ఈ రెండిటినీ పొరబడే ప్రసక్తే లేదు.

ఇంకోటి. 1972లో ఆ ఓడ మీద ఉన్నారంటే మీ పెదనాన్నగారి చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది 1971 డిసెంబరు చూసినవాళ్లే అయి ఉంటారు.

సందేహాల_సుబ్బడు
1971 డిసెంబరులో రాజ్‌పుత్ ఏం చేసింది? తెలియనివాళ్లం కూడా ఉన్నామండీ ఇక్కడ.

పాతపేపర్లు
అప్పటికే ముసలి ఓడ అది, ఇంక తీసేసే వరసలో ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచేసి, రాజ్‌పుత్‌ను విశాఖపట్నం దగ్గర పెట్టి, విక్రాంత్ ఇక్కడే ఉందన్నట్టు వైర్‌లెస్ సందేశాలు గుప్పించారు. ఒక ఓడ ఇంకో ఓడ వేషం వేసింది! డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ బయట మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల (నీళ్ల లోపల పేలే బాంబుల) వల్లే అని మనవాళ్లు, లోపల జరిగిన పేలుడు వల్ల అని వాళ్లు. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు, ఈ థ్రెడ్‌లో తెంపక్కర్లేదు కూడా.

ఘాజీ పేరు అక్కడితో పోలేదు. 1975లో పాకిస్తాన్ పోర్చుగల్ దగ్గర ఒక జలాంతర్గామి కొని దానికీ ఘాజీ అనే పెట్టుకుంది. అసలు 71 నాటి ఘాజీయే అమెరికా కట్టిన పాత యూఎస్‌ఎస్ డయాబ్లో.

సందేహాల_సుబ్బడు
నాకో మొండి సందేహం. పేర్లకు కరువా? సముద్రమంత నిఘంటువు ఉంది. పాత పేరే మళ్లీ మళ్లీ పెట్టి జనాన్ని తికమక పెట్టడం ఎందుకు?

లంగరు
తాత పేరు మనవడికి ఎందుకు పెడతారు సుబ్బడు గారూ? పేర్లు దొరక్కనా?

ఖుక్రీ సంగతి చెబుతా. 1971 డిసెంబరు 9 రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా, పాక్ జలాంతర్గామి హంగోర్ టార్పెడో తగిలి మన ఫ్రిగేట్ ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతో పాటే ఉండిపోయారు. మునిగిపోయిన ఓడ పేరు కదా, అపశకునం అని వదిలేయొచ్చు. వదల్లేదు. 1989 ఆగస్టు 23న కొత్త కార్వెట్‌ను (చిన్న యుద్ధనౌకను) చేర్చుకుంటూ దానికి ఖుక్రీ అనే పెట్టారు. ఆ తరగతి, అంటే ఒకే నమూనాలో కట్టిన ఓడలు మొత్తానికి అదే పేరు. అది 32 ఏళ్లు పనిచేసి 2021 డిసెంబరులో రిటైరైంది. తర్వాత దాన్ని తుక్కుకు అమ్మలేదు, 2022 జనవరిలో డయ్యూకే ఇచ్చేశారు. మొదటి ఖుక్రీ ఏ నీళ్లలో మునిగిందో ఆ తీరానికే రెండో ఖుక్రీ జ్ఞాపకచిహ్నంగా చేరింది. వేరే పేరు పెట్టి ఉంటే ఈ పని జరిగేదా?

ఆ రాత్రి ఖుక్రీతో కలిసి వెళ్లిన ఓడ కిర్పాణ్. దాని పేరు కూడా ఇంకో కార్వెట్‌కు పెట్టారు. ఆ రెండో కిర్పాణ్ 2023లో వియత్నాం వెళ్లిపోయింది, మనమే ఇచ్చాం.

నీలిమ_ఆర్
చదువుతుంటే గొంతు పట్టేసింది లంగరు గారూ.

హంగోర్ కూడా మళ్లీ వచ్చింది కదా? చైనాలో కట్టిస్తున్న కొత్త జలాంతర్గాముల తరగతికి పాకిస్తాన్ అదే పేరు పెట్టింది. మొదటి బోటును 2024 ఏప్రిల్‌లో నీళ్లలోకి దించారు. అంటే రెండు వైపులా ఒకే రాత్రిని తలుచుకుంటూ పేర్లు పెట్టుకుంటున్నారు. వాళ్లకది గెలుపు, మనకది దుఃఖం.

తుప్పు_బోల్టు
విక్రాంత్ ఎవరూ ఎత్తలేదేంటి? ఈ విషయంలో మన దగ్గర అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ అదే.

మొదటి విక్రాంత్ పుట్టుకతో విక్రాంత్ కాదు. బ్రిటన్‌లో 1943లో హెచ్‌ఎంఎస్ హెర్క్యులిస్‌గా మొదలైంది, 1945లో నీళ్లలోకి దించాక పని ఆగిపోయింది. 1957లో మనం కొన్నాం. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో కమిషన్ అయింది, అంటే అధికారికంగా నేవీలో చేరింది. 1997 జనవరి 31న తీసేశారు. ముంబైలో మ్యూజియంగా కొన్నేళ్లు ఉంచి, ఆఖరికి తుక్కుకు పంపారు. రెండోది కొచ్చిలో కట్టింది, 2022 సెప్టెంబరు 2న చేరింది. పాతది 213 మీటర్లు, కొత్తది 262.

పేరు ఒక్కటే కాదు, పెన్నెంట్ నంబర్ కూడా అదే: ఆర్11. నినాదం కూడా అదే, రుగ్వేదంలోని 'జయేమ సం యుధి స్పృధః'. కాబట్టి పాతపేపర్లు గారి 'నంబర్ చూస్తే తేలిపోతుంది' సూత్రం ఇక్కడ ఫెయిల్ :)

పాతపేపర్లు
ఒప్పుకున్నా. బ్రహ్మపుత్ర విషయంలోనూ ఫెయిలే, పాతదీ కొత్తదీ ఎఫ్31. సూత్రం సవరిస్తున్నా: నంబర్ చూడు, తర్వాత ఏడాది చూడు, ఆ తర్వాత ఫిరంగి చూడు.

నీలిమ_ఆర్
ఆ మధ్య ఒక చానల్‌లో 1971 యుద్ధం గురించి చెబుతూ తెర మీద కొత్త విక్రాంత్ వీడియో వేశారు. ముందు స్కీ జంప్ (విమానాలు లేవడానికి పైకి వంచిన డెక్) ఉన్న ఓడ, 71లో మన విక్రాంత్‌కు అది లేదు! ఇంట్లో నేనొక్కదాన్నే అరిచాను, ఎవరికీ ఎందుకో అర్థం కాలేదు.

తుప్పు_బోల్టు
అలాంటి అరుపులు అరిచేవాళ్ల కోసమే ఈ ఫోరం.

కృష్ణాగోదావరి
ఇక్కడ నా వంతు. నా యూజర్ పేరు చూశారుగా.

గోదావరి అనే యుద్ధనౌకలు మూడు. మొదటిది రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరిన స్లూప్. దేశ విభజనప్పుడు కుర్చీలూ బల్లలూ పంచుకున్నట్టే ఓడల్నీ పంచుకున్నారు. గోదావరి పాకిస్తాన్ వాటాకు వెళ్లింది! వాళ్లు గోదావరి పేరు ఎందుకు ఉంచుకుంటారు, సింధ్ అని మార్చారు. నర్మద కూడా అటే పోయి జీలం అయింది. ఒక నది పేరు చెరిపి ఇంకో నది పేరు. కృష్ణా, కావేరి, సట్లెజ్, జమున మనకు మిగిలాయి. కృష్ణా పేరును అప్పటి ఇంగ్లీషు వాడుకలో 'కిస్ట్నా' అని రాసేవారు, ఓడ మీద కూడా అంతే.

పేరు ఖాళీ అయింది కాబట్టి 1953లో బ్రిటన్ నుంచి వచ్చిన బెడేల్ అనే డిస్ట్రాయర్‌కు గోదావరి అని పెట్టారు. దాని జతగా వచ్చిన ఇంకో రెండు గంగ, గోమతి. మూడో గోదావరి 1983 డిసెంబరులో చేరిన ఫ్రిగేట్, మన దేశంలో కట్టినది, 2015 డిసెంబరు దాకా ఉంది. దానికి తోడబుట్టినవి మళ్లీ గంగ, గోమతి! ఒక్క పేరు కాదు, ముగ్గురు అక్కచెల్లెళ్ల పేర్లూ సెట్టుగా తిరిగొచ్చాయి.

కృష్ణా పేరు కూడా తిరిగొచ్చింది. 1995లో బ్రిటన్ దగ్గర కొన్న ఆండ్రోమెడా అనే ఫ్రిగేట్‌కు ఐఎన్‌ఎస్ కృష్ణ అని పెట్టి 2012 దాకా శిక్షణ నౌకగా వాడారు.

లంగరు
సెట్టుగా తిరిగి రావడం మన నేవీలో మామూలే. 1970ల్లో మొదలైన ఆరు గిరులు నీలగిరి, హిమగిరి, ఉదయగిరి, దునాగిరి, తారాగిరి, వింధ్యగిరి. ఇప్పుడు ప్రాజెక్ట్ 17ఏ ఫ్రిగేట్లకు ఆ ఆరు పేర్లూ మళ్లీ పెట్టి, కొత్తగా మహేంద్రగిరి కలిపారు. కొత్త నీలగిరి 2025 జనవరిలో, ఉదయగిరి, హిమగిరి జంటగా అదే ఏడు ఆగస్టులో చేరాయి. రాజ్‌పుత్ కూడా ఒంటరి కాదు, పాత సెట్టులో రాజ్‌పుత్, రాణా, రంజిత్. సోవియట్ నుంచి వచ్చిన కొత్త సెట్టులోనూ ఆ మూడూ ఉన్నాయి, వాటికి రణవీర్, రణవిజయ్ తోడు.

జలాంతర్గాములదీ అదే కథ. కల్వరి 1967 డిసెంబరు 8న చేరింది, మన నేవీ జలాంతర్గాముల దినోత్సవం ఆ రోజే. కొత్త కల్వరి 2017 డిసెంబరు 14న వచ్చింది. మధ్యలో యాభై ఏళ్ల మీద ఆరు రోజులు.

సర్వీసులో ఉన్నప్పుడు మాకు ఒకటి అనిపించేది. కొత్త ఓడలో మొదటిరోజే ఒక గోడ మీద పాత ఓడ ఫొటో ఉంటుంది. పెయింట్ వాసన ఇంకా పోదు, అయినా ఇల్లు పాతదన్నట్టు ఉంటుంది.

తుప్పు_బోల్టు
విదేశాల వైపు వెళ్దామా? పేరు మార్పిళ్లలో అమెరికావాళ్లది 1942 ఒక పెద్ద పురాణం. అపోలో 11లో చంద్రుడి మీదకు వెళ్లొచ్చిన ముగ్గురినీ సముద్రంలోంచి ఎత్తుకున్న ఓడ హార్నెట్. 1942లో టోక్యో మీద మొదటి దాడికి అమెరికా అధికారి డూలిటిల్ విమానాలు లేచింది కూడా హార్నెట్ మీద నుంచే. ఒకే ఓడకు రెండు ఘనతలు, చూడండి.

పాతపేపర్లు
బోల్టూ, పట్టేశాను! ఈ థ్రెడ్ పెట్టిందే ఈ పొరపాటు గురించి, నువ్వే అందులో పడ్డావ్. డూలిటిల్ విమానాలు లేచిన హార్నెట్ 1942 అక్టోబరులో శాంటాక్రజ్ దీవుల దగ్గర మునిగిపోయింది. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందాన్ని ఎత్తుకున్నది తర్వాతి హార్నెట్.

తుప్పు_బోల్టు
ఛ! అడ్డంగా దొరికిపోయాను. పోస్ట్ ఎడిట్ చేయను, అలాగే ఉండనీ.

నీలిమ_ఆర్
ఆ 1942 కథ నేను చెబుతాను, నాకు చాలా ఇష్టం.

ఆ ఏడాది అమెరికా నాలుగు పెద్ద విమాన వాహక నౌకల్ని పోగొట్టుకుంది. మేలో లెక్సింగ్టన్, జూన్‌లో యార్క్‌టౌన్, సెప్టెంబరులో వాస్ప్, అక్టోబరులో హార్నెట్. అప్పటికే కొత్త ఎసెక్స్ తరగతి ఓడలు కడుతున్నారు. వాటికి వేరే పేర్లు ఉన్నాయి. లెక్సింగ్టన్ మునిగిన వార్త క్విన్సీ అనే ఊళ్లోని షిప్‌యార్డ్‌కు చేరింది. ఆ లెక్సింగ్టన్‌ను కట్టింది ఆ యార్డే. అక్కడే ఇప్పుడు క్యాబట్ అనే ఓడ తయారవుతోంది. పనివాళ్లందరూ కలిసి, ఈ ఓడకు లెక్సింగ్టన్ అని పెట్టండి అని నౌకాదళ మంత్రిని అడిగారు. ఒప్పుకున్నారు. ఓడ పూర్తికాకుండానే పేరు మారింది. అలాగే బోనమ్ రిచర్డ్ కావలసింది యార్క్‌టౌన్, ఒరిస్కానీ కావలసింది వాస్ప్, కియర్‌సార్జ్ కావలసింది హార్నెట్ అయ్యాయి.

జపాన్‌వాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ముంచామనుకున్న లెక్సింగ్టన్ మళ్లీ ఎదురొస్తుంది. ఆ కొత్తదాన్ని కూడా ముంచేశామని రేడియోలో చాలాసార్లు ప్రకటించారు, అది ప్రతిసారీ తిరిగొచ్చింది. అందుకే దానికి నీలి దయ్యం అనే ముద్దుపేరు, నీలం రంగు వేసి ఉండేదిలెండి. ఇప్పటికీ ఉంది, కార్పస్ క్రిస్టీలో మ్యూజియంగా.

ఇంకోటి, హ్యూస్టన్. సుండా జలసంధిలో 1942 మార్చి 1న ఆ క్రూయిజర్ మునిగితే హ్యూస్టన్ నగర ప్రజలు ఏడ్చి ఊరుకోలేదు. కొత్త ఓడకు చందాలు వేసుకున్నారు, ఆ ఓడవాళ్ల స్థానంలో వెయ్యిమంది కుర్రాళ్లు నేవీలో చేరడానికి వరసకట్టారు. విక్స్‌బర్గ్ కావలసిన క్రూయిజర్ హ్యూస్టన్ అయింది.

సందేహాల_సుబ్బడు
బాగుంది. కానీ పేరు పెట్టినంత మాత్రాన పాత ఓడ పరువు కొత్తదానికి వచ్చేస్తుందా? డబ్బా వేరు, మనుషులు వేరు. ఇది సెంటిమెంటు వ్యాపారం అని నా అనుమానం.

పాతపేపర్లు
ఇందులో దేశానికో పద్ధతి. బ్రిటిష్ నేవీలో యుద్ధ గౌరవాలు వారసత్వంగా వస్తాయి. అంటే పాత ఆర్క్ రాయల్ ఏ యుద్ధంలో పాల్గొందో ఆ పేరు, ఆ ఏడాది కొత్త ఆర్క్ రాయల్ బోర్డు మీద కూడా చెక్కుతారు. 1588లో స్పెయిన్ ఆర్మడా మీద యుద్ధం చేసిన ఓడ పేరు కింద ఇరవయ్యో శతాబ్దపు హెలికాప్టర్లు ఎగిరాయి. అమెరికాలో అలా కాదు. రెండో ప్రపంచ యుద్ధపు ఎంటర్‌ప్రైజ్ సంపాదించిన 20 బ్యాటిల్ స్టార్‌లు (యుద్ధాల్లో పాల్గొన్నందుకు ఇచ్చే గుర్తింపులు) దానివే, తర్వాతి అణు ఎంటర్‌ప్రైజ్‌కు రావు. కాబట్టి సుబ్బడు గారి వాదనకు అమెరికాలో సగం మార్కులు, బ్రిటన్‌లో సున్నా.

ఆర్క్ రాయల్ పేరు కోసం ఒక ఓడ తన పేరు వదులుకున్న కథ కూడా ఉంది. 1914 నాటి ఆర్క్ రాయల్ అనే సీప్లేన్ ఓడ ఇంకా నీళ్ల మీదే ఉంది, కొత్త విమాన వాహక నౌకకు ఆ పేరు కావాలి. దాంతో 1934లో పాతదాన్ని పెగాసస్ చేసేశారు. విడ్డూరం ఏమిటంటే కొత్త ఆర్క్ రాయల్ 1941 నవంబరులో మునిగింది, పేరు పోగొట్టుకున్న ముసల్ది మాత్రం యుద్ధం అంతా బతికింది.

తుప్పు_బోల్టు
దీనికి అన్న లాంటి కథ అమెరికాలో ఉంది. యూఎస్‌ఎస్ కాన్‌స్టిట్యూషన్, 1797 నాటి తెరచాప ఓడ, ఇప్పటికీ నేవీ లెక్కల్లోనే ఉంది. 1917లో కొత్త బ్యాటిల్‌క్రూయిజర్‌కు ఆ పేరు కావాల్సి వచ్చి దీన్ని 'ఓల్డ్ కాన్‌స్టిట్యూషన్' చేశారు. ఆ కొత్త ఓడ కట్టడం మధ్యలోనే రద్దయింది. 1925లో ముసలావిడ పేరు ముసలావిడకు తిరిగిచ్చేశారు.

(ఈసారి ఏడాదులు రెండుసార్లు చూసుకుని రాశాను.)

నీలిమ_ఆర్
ఎంటర్‌ప్రైజ్ పేరు వచ్చింది కాబట్టి లోహం సంగతి కూడా. అణు ఎంటర్‌ప్రైజ్ 1961లో వచ్చింది, అణుశక్తితో నడిచిన మొదటి విమాన వాహక నౌక. దాని ఉక్కును కొంత కరిగించి ఇప్పుడు కడుతున్న కొత్త ఎంటర్‌ప్రైజ్‌లో వాడుతున్నారు. సుబ్బడు గారూ, 'డబ్బా వేరు' అన్నారుగా, ఇక్కడ డబ్బాలో కూడా కొంచెం అదే.

మన పాత విక్రాంత్ లోహం మాత్రం మోటార్ సైకిల్ పెట్రోల్ ట్యాంకుల్లోకి వెళ్లింది. బజాజ్ 'వి' గుర్తుందా? నాకు అప్పట్లోనూ బాధే, ఇప్పుడూ బాధే.

కృష్ణాగోదావరి
నాకు బాధ లేదు. సముద్రంలో తుప్పు పట్టడం కన్నా రోడ్డు మీద తిరగడం మేలు.

లంగరు
తుక్కు మాట ఎత్తితే పాత సెయిలర్లకు కోపం వస్తుంది, వేరే మాట మాట్లాడదాం :)

ఒకే పేరు ఒకే సమయంలో రెండు ఓడలకు ఉండటం చూశారా? ఒక నేవీలో ఉండకూడదు, సందేశాలు కలగాపులగం అవుతాయి. వేరే వేరే నేవీల్లో మాత్రం ఉండొచ్చు. 1942 ఆగస్టులో సావో దీవి దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ క్యాన్‌బెరా పోయింది. పక్కనే నిలబడి పోరాడిన దేశం కదా అని అమెరికా తన పిట్స్‌బర్గ్ అనే క్రూయిజర్ పేరు మార్చి క్యాన్‌బెరా అని పెట్టింది. పరాయి దేశపు రాజధాని పేరు! ఇప్పుడు ఆస్ట్రేలియాకు ఒక క్యాన్‌బెరా, అమెరికాకు ఒక క్యాన్‌బెరా ఉన్నాయి. అమెరికా క్యాన్‌బెరాను 2023 జులైలో సిడ్నీకి తీసుకెళ్లి అక్కడే కమిషన్ చేశారు.

పాతపేపర్లు
దీనికి తిరగబడ్డ కథ రష్యాది. వర్యాగ్ అనే క్రూయిజర్ 1904లో కొరియాలోని చెముల్పో దగ్గర జపాన్‌తో పోరాడి, లొంగిపోకుండా తనను తానే ముంచేసుకుంది. రష్యాలో ఆ పేరు ఒక పూజ లాంటిది. జపాన్‌వాళ్లు ఆ ఓడను పైకి తీసి సోయా అని పేరు పెట్టుకున్నారు, 1916లో రష్యా మళ్లీ కొనుక్కుంది. తర్వాత అదే పేరు సోవియట్ వాళ్లు కడుతున్న ఒక విమాన వాహక నౌకకు పెట్టారు. సోవియట్ యూనియన్ కూలిపోయింది, సగం కట్టిన ఓడ ఉక్రెయిన్‌కు మిగిలింది, చైనా కొని 2012లో లియావోనింగ్‌గా చేర్చుకుంది. ఈలోగా రష్యా ఇంకో క్రూయిజర్‌కు వర్యాగ్ పేరు తగిలించింది. దాని పాత పేరు 'చెర్వోనా ఉక్రైనా', అంటే ఎర్ర ఉక్రెయిన్. ఎందుకు మార్చారో చెప్పక్కర్లేదు.

మన విక్రమాదిత్యది కూడా ఇదే ఇల్లు. అది బాకుగా పుట్టి అడ్మిరల్ గోర్ష్‌కోవ్ అయింది, 2013లో మన విక్రమాదిత్య అయింది. ఖాళీ అయిన గోర్ష్‌కోవ్ పేరును రష్యా ఒక ఫ్రిగేట్‌కు ఇచ్చేసింది.

సందేహాల_సుబ్బడు
సరే, మెత్తబడ్డాను. అయితే ఎవరూ ముట్టుకోని పేర్లు ఉన్నాయా?

నీలిమ_ఆర్
బ్రిటిష్ యుద్ధనౌక హుడ్. 1941 మే 24న జర్మన్ బిస్మార్క్‌తో యుద్ధంలో పేలిపోయింది. 1,418 మందిలో మిగిలింది ముగ్గురు. బ్రిటన్ ఆ పేరు ఇంతవరకు ఇంకే ఓడకూ పెట్టలేదు. దీనికి ఎదురుగా అమెరికావాళ్లు పెర్ల్ హార్బర్‌లో మునిగిన యుద్ధనౌక అరిజోనా పేరును, దానితో 1,177 మంది పోయాక, దశాబ్దాల పాటు ముట్టుకోకుండా ఉంచి, ఇప్పుడు ఒక అణు జలాంతర్గామికి పెట్టారు. మంచిదా చెడ్డదా నాకు తేలడం లేదు.

తుప్పు_బోల్టు
పేరు పోతుందేమోనని ముందే భయపడినవాడు హిట్లర్. జర్మనీకి 'డాయిచ్‌లాండ్' అనే యుద్ధనౌక ఉండేది, అంటే దేశం పేరే. అది మునిగితే 'జర్మనీ మునిగింది' అని శత్రువుల పేపర్లో హెడ్‌లైన్ వస్తుందని 1940లో దాని పేరు లుట్‌జోవ్ అని మార్పించాడు. ఆ లుట్‌జోవ్ పేరు కూడా సెకండ్‌హ్యాండే. 1916 జట్లాండ్ యుద్ధంలో మునిగిన ఓడది. అంటే మునుగుతుందన్న భయంతో మునిగిన ఓడ పేరు పెట్టాడు. ఏం తెలివో!

కృష్ణాగోదావరి
ఐఎన్‌ఎస్ ఢిల్లీ గురించి ఒక్కమాట చెప్పి పోతాను. మొదటి ఢిల్లీ అంతకుముందు అకిలీస్ అనే క్రూయిజర్. 1939 డిసెంబరులో రివర్ ప్లేట్ దగ్గర జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీతో తలపడిన మూడు ఓడల్లో ఒకటి. 1948లో మనకొచ్చి ఢిల్లీ అయింది. ఆ యుద్ధం మీద 1956లో సినిమా వస్తే అందులో అకిలీస్ పాత్రను మన ఢిల్లీయే వేసింది, అంటే తన పాత్ర తానే! అది 1978లో రిటైరైంది. ఢిల్లీ పేరు 1997లో కొత్త డిస్ట్రాయర్‌కు వెళ్లింది. ఇక అకిలీస్ పేరును బ్రిటన్ 2025 జనవరిలో ఒక అణు జలాంతర్గామికి పెట్టింది, ముందనుకున్న అజిన్‌కోర్ట్ పేరు తీసేసి మరీ. ఒక ఓడకున్న రెండు పేర్లు రెండు దేశాల్లో విడివిడిగా బతుకుతున్నాయి.

మోడరేటర్
థ్రెడ్ బాగా నడుస్తోంది కాబట్టి కత్తెర వేయడం లేదు. కానీ అసలు ప్రశ్న ఒక ఫొటో గురించి. వానాకాలం గారూ, ఫిరంగి కనపడిందా?

వానాకాలం
కనపడిందండీ! రెండు రోజులుగా మీరు రాసిందంతా చదువుతూ ఉండిపోయాను, క్షమించాలి.

ఫొటోను ఫోన్‌తో తీసి పెద్దది చేసి చూశాను. మూడో కుర్రాడి భుజం వెనక మడత పడ్డ రేకు అంచు, దాని లోపల చక్రం లాంటిదేదో, ఒంటి గొట్టం మొదలు. వెనక వైపు తెరిచే ఉంది. లంగరు గారు చెప్పినట్టే. ఫ్రేమ్ కింద ఇలా రాయిస్తున్నాను: "ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ (డి141), 1972".

నిన్న సాయంత్రం పెదనాన్న దగ్గర కూర్చుని ఫోన్‌లో డి51 ఫొటో చూపించాను. కళ్లజోడు పైకెత్తి ఒకసారి చూసి "ఇది కొత్త రాజ్‌పుత్" అని ఫోన్ వెనక్కి ఇచ్చేశారు. నలభై ఒక్క ఏళ్లు పనిచేసి దాన్ని కూడా 2021 మేలో తీసేశారు పెదనాన్నా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

తర్వాత, "కొత్తదాన్నా? అప్పుడేనా?" అన్నారు.